సూదికి లేని మహిమ

"ఇంకా మాత్రలేనా? ఇంజెక్షన్‌కి మారిపోండి, తేలిపోతుంది." సోరియాసిస్ ఉన్నవాళ్లకి ఈమధ్య చుట్టాలూ, మందుల షాపువాళ్లూ, చివరికి కొందరు డాక్టర్లూ పారేస్తున్న సలహా ఇది. జ్వరమొచ్చినా సూది పడందే వైద్యం జరిగినట్టు లెక్కవేయని జనం మనం. ఆ పాత భ్రమే ఇప్పుడు వేలకు వేల ఖరీదు కట్టుకుని చర్మవైద్యంలోకి దిగింది. మందు గొంతులోంచి వెళ్లిందా, చర్మం కింద నుంచి వెళ్లిందా అన్నది దారి సంగతి. జబ్బు మీద పనిచేసేది మందు. మెథోట్రెక్సేట్‌నే చూడండి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికా మందుల కంపెనీ లెడర్లీలో నడిపించిన బృందం నుంచి వచ్చిన మందు అది. మాత్రగానూ దొరుకుతుంది, సూదిగానూ దొరుకుతుంది. 2008లో వెలువడిన ప్రయోగంలో మాత్ర మింగినవాళ్లలో 36 శాతం మందికి పదహారు వారాల్లో జబ్బు తీవ్రత కనీసం ముప్పాతిక వంతు తగ్గింది. 2017 నాటి మరో ప్రయోగంలో సూదితో తీసుకున్నవాళ్లలో ఆ సంఖ్య 41. మోతాదులు వేరు, రోగులు వేరు, రెంటినీ ఒకే తక్కెడలో తూచకూడదు, నిజమే. కానీ సూదిలోనే మహిమ ఉంటే తేడా ఇంతేనా? మోతాదు పెరిగి పేగులు పీల్చుకోలేనప్పుడో, వికారం భరించలేనప్పుడో సూది పనికొస్తుంది. అంతవరకే.

అదే 2008 ప్రయోగంలో అడాలిముమాబ్ ఇంజెక్షన్‌తో 80 శాతం మందికి అంత మేలు జరిగింది కదా అంటారు. జరిగింది, కాదనను. అది వాపును రగిలించే టీఎన్ఎఫ్‌ని అడ్డుకోవడం వల్ల జరిగింది. అడాలిముమాబ్ ప్రొటీను, మింగితే అరిగిపోతుంది కాబట్టి సూదిలో పెట్టారు. అది బలం కాదు, గతిలేనితనం. సెక్యుకినుమాబ్‌నీ ఎటనర్‌సెప్ట్‌నీ పోటీపెడితే పన్నెండు వారాలకి 77, 44 శాతాలు వచ్చాయి. రెండూ సూదులే! అమెరికాలో 2022లో అనుమతి పొందిన డ్యూక్రావాసిటినిబ్ 58 శాతం దగ్గర నిలిస్తే, దానితో తలపడిన అప్రెమిలాస్ట్ 35 దగ్గర ఆగింది. రెండూ మాత్రలే. సూదులన్నీ ఒక జట్టు, మాత్రలన్నీ ఒక జట్టు అని గీత గీసిన మహానుభావులు దీనికేమంటారో.

అసలు ఒళ్లు మండేది ఇంకో సూదితో. ఊళ్లలో ఆర్‌ఎంపీలు వేసే స్టెరాయిడ్ ఇంజెక్షన్. నాలుగు రోజుల్లో పొలుసులు రాలిపోతాయి, ఆయన హస్తవాసి ఊరంతా పాకుతుంది. మందు ప్రభావం దిగిపోగానే మచ్చలు ముందుకంటే ఎక్కువై తిరగబడొచ్చు. కొందరికి ఒళ్లంతా చీముపొక్కులు లేచి ప్రాణం మీదకొస్తుంది. అప్పుడు తప్పు జబ్బుది, పేరు మాత్రం సూదిది! మాత్రంటే అలుసు కూడా ఇక్కడిదే. వారానికి ఒక్కసారే వేసుకోవాల్సిన మెథోట్రెక్సేట్‌ని "మాత్రే కదా" అని రోజూ మింగితే ఎముకల్లో మూలుగ దెబ్బతిని మనిషి పోవచ్చు. సూదికి జంకే మనిషి కూడా మాత్ర చీటీ మీద వారం అన్న మాట చదవడు. ముందు అడగాల్సినవి వేరే ఉన్నాయి: కీళ్లు పట్టేశాయా, కాలేయం ఎలా ఉంది, తాగుతారా, పిల్లల్ని కనే ఆలోచన ఉందా, నెలనెలా ఎంత పెట్టగలరు. అడాలిముమాబ్‌లాంటి బయొలాజిక్ అయితే టీబీ పరీక్ష చేశారా అని కూడా. ఇవేవీ అడక్కుండా సూదా మాత్రా అని తేల్చేసే డాక్టరు దగ్గర ఫీజు కట్టి కూర్చోవడం దేనికి?