ఫార్మసిస్టు ఎక్కడ నిలబడాలి?

గుంటూరు కొత్తపేటలోనో, నెల్లూరు పొగతోటలోనో రోడ్డు వెంట నడుస్తుంటే కొత్తగా తెరిచిన మెడికల్ షాపును ఇట్టే గుర్తుపట్టొచ్చు. గుమ్మానికి ఇంకా వాడని మామిడి తోరణం, పట్టపగలు కూడా వెలిగే ఎల్‌ఈడీ బోర్డు, అద్దాల తలుపు, లోపల తళతళలాడే అరల్లో పిల్లల సబ్బులు, ప్రొటీన్ పొడి డబ్బాలు. పెట్టిన డబ్బంతా కంటికి కనపడే చోటే పెట్టారని తెలిసిపోతుంది. మందులు మాత్రం వెనక ఉంటాయి. చీటీ అందుకున్న కుర్రాడు ఒక మాత్ర కోసం ఈ మూలకి, ఇంకో మాత్ర కోసం ఆ మూలకి పరిగెత్తి, మూడోదాని కోసం స్టూలెక్కుతాడు. ఈలోగా కౌంటరు మీదికి మరో నాలుగు చీటీలు చేరతాయి.

స్థలం చాలకే ఈ అవస్థ అని యజమానులు అంటారు. చట్టం అడిగే స్థలం నిజానికి చాలా తక్కువ. 1945 నాటి ఔషధ నిబంధనల ప్రకారం చిల్లర మందుల దుకాణానికి 10 చదరపు మీటర్లు, అంటే దాదాపు 108 చదరపు అడుగులు ఉంటే లైసెన్సు వస్తుంది. హోల్‌సేలు కూడా కలిపితే 15 చదరపు మీటర్లు కావాలి. జన ఔషధి కేంద్రానికి 120 చదరపు అడుగులు సరిపోతాయి. జర్మనీలో మందుల షాపు పెట్టాలంటే కనీసం 110 చదరపు మీటర్లు చూపించాలి. అందులో ప్రయోగశాల కూడా ఉండాలి, రాత్రి డ్యూటీ చేసేవారికి గది కూడా ఉండాలి. మన బజార్ల అద్దెలకు ఆ లెక్క నప్పదు, నప్పనక్కర్లేదు కూడా. ఇరుకు పెద్ద లోపం కాదు. సరిగ్గా సర్దుకుంటే చిన్న షాపులోనే పని త్వరగా తెములుతుంది, కావలసినవన్నీ చేతికి అందే దూరంలో ఉంటాయి గనక.

అవే నిబంధనల్లో షెడ్యూల్ ఎన్ అని ఒకటుంది. మందులు అక్కడికక్కడే కలిపి ఇచ్చే ఫార్మసీ ఎలా ఉండాలో అది చెబుతుంది. పైకప్పు కనీసం 2.5 మీటర్ల ఎత్తుండాలి, నేల నున్నగా, కడగడానికి వీలుగా ఉండాలి, సొరుగుల్లోకి దుమ్ము చొరబడకూడదు. త్రాసు, కల్వం వగైరాల జాబితా కూడా ఉంది. ఇవాళ కల్వంలో నూరి మందిచ్చే షాపు ఎక్కడుంది గనక? అయినా ఆ షెడ్యూల్లో ఒక లెక్క ఇప్పటికీ పాతబడలేదు. మందులిచ్చే విభాగానికి, పనిచేసే ఫార్మసిస్టు ఒకరైతే 6 చదరపు మీటర్లు, ఆపై ప్రతి ఒక్కరికీ మరో 2 కేటాయించమంది. అంటే ఆ గదిని కొలిచింది సరుకును బట్టి కాదు, అక్కడ నిలబడి పనిచేసే మనిషిని బట్టి.

మన షాపుల్లో ఆ మనిషే కరువు. రిజిస్టరైన ఫార్మసిస్టు తప్ప ఇంకెవరూ చీటీ చూసి మందు ఇవ్వకూడదని 1948 నాటి ఫార్మసీ చట్టం 42వ సెక్షను చెబుతోంది. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఫార్మసీ కాలేజీలకు కొదవేం లేదు. ఐనా సర్టిఫికెట్ అద్దెకిచ్చి, మనిషి ఇంకెక్కడో ఉద్యోగం చేసుకునే ఆనవాయితీ మందుల వ్యాపారంలో ఉన్నవాళ్ళందరికీ తెలుసు. ఫార్మసిస్టు గోడ మీద ఫ్రేములో ఉంటాడు. కౌంటరు ఎత్తు దగ్గర్నుంచి అరల అమరిక దాకా షాపు మొత్తాన్ని ఆయన రాడన్న ధీమాతోనే కట్టేస్తారు. షాపు సామర్థ్యం గురించిన చర్చ ఏదైనా ఇక్కడే మొదలవ్వాలి.

అరల సంగతే తీసుకుంటే, చాలాచోట్ల మందులను కంపెనీల వారీగా సర్దుతారు. స్టాకిస్టు దగ్గర్నుంచి వచ్చిన పెట్టెలు విప్పి పెట్టడం తేలిక, రిప్రజెంటేటివ్ వచ్చినప్పుడు ఆర్డరు రాయడమూ తేలిక. కానీ డాక్టరు చీటీలో కంపెనీ పేరుండదు. ఏ బ్రాండు ఎవరిదన్నది పాత కుర్రాడి బుర్రలో ఉంటుంది. అతను పెళ్ళికని నాలుగు రోజులు ఊరెళ్తే షాపుకు సగం చూపు పోయినట్టే. అక్షర క్రమంలో పెడితే కొత్తవాడైనా వెతుక్కోగలడు. చిన్న షాపుకు అన్నిటికన్నా నప్పేది మిశ్రమ పద్ధతి. ముందు మాత్రలు, సిరప్‌లు, ఇంజెక్షన్లు, పూతమందులు దేనికది వేరు చేయాలి. మాత్రల్ని అక్షర క్రమంలో పెట్టాలి. రోజంతా నడిచే బీపీ, షుగరు, గ్యాస్ మాత్రలను మాత్రం ఆ వరుసలోంచి తీసేసి, బిల్లింగ్ దగ్గర నడుముకీ కళ్ళకీ మధ్య ఎత్తులో ఉంచాలి. బరువైన సెలైన్ సీసాలు కింది అరల్లో ఉండాలి. పై అరలకు నెలకొకసారి అమ్ముడయ్యేవి చాలు.

అక్షర క్రమానికీ ఒక చిక్కుంది. ఒకేలా వినిపించే పేర్లు పక్కపక్కన చేరతాయి. అమెరికాలో లోసెక్ అనే గ్యాస్ మందును, ఒంట్లో నీరు తీసే లాసిక్స్‌తో పొరబడుతున్నారని 1990లో దాని పేరే ప్రిలోసెక్‌గా మార్చేశారు. ఇక్కడి షాపు యజమానికి పేరు మార్చే అధికారం లేదు, అర మార్చే అధికారం ఉంది. మెట్‌ఫార్మిన్ ఉన్నచోటే మెట్రోనిడజోల్ ఎందుకు? ఒకే బ్రాండులో గ్లిమెపిరైడ్ 1 మిల్లీగ్రాము, 2 మిల్లీగ్రాముల స్ట్రిప్పులు ఒకే పోలికలో ఉన్నప్పుడు రెండూ ఒకే సొరుగులో దేనికి? ఒకటి బదులు రెండు వెళ్తే మోతాదు రెట్టింపై, పెద్ద వయసు రోగికి తెల్లవారుజామున షుగరు పడిపోవచ్చు. బోర్డుకు పెట్టే లైట్లలో రెండు తెచ్చి స్ట్రిప్పు మీది చిన్న అక్షరాలు చదివే బల్ల పైన బిగిస్తే చాలా మేలు.

ఎండ మరో సంగతి. రెంటచింతల, రామగుండం వంటి చోట్ల వేసవిలో 45 డిగ్రీలు చూస్తూనే ఉంటాం. చాలా స్ట్రిప్పుల మీద 30 డిగ్రీలు మించకూడదని, కొన్నిటి మీద 25 మించకూడదని రాసి ఉంటుంది. పడమటి ముఖం షాపుకు అద్దాల తలుపు పెట్టి, మధ్యాహ్నం ఏసీ కట్టేసి భోజనానికి వెళ్తే లోపలున్న సరుకంతా ఉడుకుతుంది. రేకుల కింద గోడౌను ఉంటే ఇక చెప్పేదేముంది. తయారైన మందు ఎంత మంచిదైనా ఇక్కడ దెబ్బతింటుంది, అదీ పైకి కనపడకుండా. ఇన్సులిన్‌కు 2 నుంచి 8 డిగ్రీలు కావాలి. ఇంట్లో వాడే ఫ్రిజ్జులో ఐసు గదికి ఆనించి పెడితే గడ్డకడుతుంది. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు. తలుపు అరల్లో పెడితే తెరిచినప్పుడల్లా వేడి తగులుతుంది. ఫ్రిజ్జులో ఒక థర్మామీటరు పెట్టి, రోజుకు రెండుసార్లు అంకె రాసి పెట్టుకోవడానికి ఖర్చేమీ కాదు. కరెంటు పోతే ఇన్వర్టరు మీద ముందు నడవాల్సింది ఆ ఫ్రిజ్జే, బోర్డు కాదు.

డబ్బు లెక్క దగ్గర యజమానులు బాగా చెవి ఒగ్గుతారు. 2013 నాటి ధరల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం ధర నిర్ణయించిన మందుల మీద చిల్లర వర్తకుడికి 16 శాతం లాభం. నూరు రూపాయల సరుకు ఒక్కటి గడువు దాటి పోతే, ఆ నష్టం పూడటానికి అంతే విలువైన సరుకు మరో ఆరేడు అమ్మాలి. స్టాకిస్టులు వెనక్కి తీసుకుంటారు గానీ దానికీ గడువులుంటాయి, అన్ని కంపెనీలూ ఒకేలా ఉండవు. అయినా పదికి ఒకటి ఫ్రీ అనగానే యాభై పెట్టెలు దించుకునేవాళ్ళు కోకొల్లలు. ముందు గడువు తీరేది ముందు వరసలో ఉండాలి, ఎప్పుడు వచ్చిందన్నది తర్వాతి మాట. గడువు దాటిన సరుకును విడిగా పెట్టి, పెట్టె పైన అమ్మకానికి కాదని రాయమని నిబంధన. ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడు ఎక్కువమంది దొరికిపోయేది ఇలాంటి చిన్న వాటిల్లోనే. సగం కత్తిరించిన స్ట్రిప్పుల డబ్బా కూడా ఒక ఉచ్చే. బ్యాచ్ నంబరు, తేదీ ఉన్న కొసను ఆఖరికి మిగల్చకుండా ముందే కత్తిరించి ఇచ్చేస్తే, మిగిలిన ముక్క ఎప్పటిదో దేవుడికే ఎరుక.

ఔషధ నిబంధనల్లోని షెడ్యూల్ హెచ్1 జాబితాలో ఉన్న మందులకు విడి రిజిస్టరు మూడేళ్ళపాటు భద్రపరచాలి. బిల్లింగ్ సాఫ్ట్‌వేరులోనే డాక్టరు పేరు, రోగి పేరు అడిగేలా పెట్టుకుంటే రాత్రి కూర్చుని ఊహించి రాసే బాధ తప్పుతుంది.

ఇక కౌంటరు ముందు నిలబడ్డవారి సంగతి. గర్భ పరీక్ష కిట్ అడగడానికి వచ్చిన అమ్మాయి వెనక అయిదుగురుంటారు. కుర్రాడు లోపలికి కేకేసి మరీ తెప్పిస్తాడు, తర్వాత నల్ల కవరులో పెట్టి గౌరవం చేశానంటాడు. కేక వేశాక నల్ల కవరెందుకు? క్షయ మందులకు, మానసిక వైద్యుడి చీటీకి ఇదే గతి. కీళ్ళవాతానికి మెథోట్రెక్సేట్ మాత్ర వారానికి ఒక్కసారే వేసుకోవాలి, రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. ఆ మాట అంత రద్దీలో, చిల్లర లెక్కపెట్టుకుంటున్న రోగి చెవిన ఎలా పడుతుంది? రోగికి మందు వాడే తీరు వివరించడం ఫార్మసిస్టు పని అని 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనలు చెబుతున్నాయి. దానికి విడి గది కట్టనక్కర్లేదు. కౌంటరు ఒక చివర మూడడుగులు, మధ్యలో ఒక చెక్క అడ్డం, ఒక స్టూలు చాలు. డబ్బు ఒక చోట, మందు ఇంకో చోట ఇస్తే వరస కూడా తొందరగా కదులుతుంది.

ఆ మూడడుగులు ఇప్పుడు చాలా షాపుల్లో కూల్‌డ్రింకుల ఫ్రిజ్జుకు పోతున్నాయి. ఫ్రిజ్జు కంపెనీవాళ్ళే ఇస్తారు, వేసవిలో చేతికి రొఖ్ఖం ఆడుతుంది. ఫార్మసిస్టును పెడితే నెలనెలా జీతం ఇవ్వాలి. యజమాని చేసే లెక్క ఇదే, అందుకే అద్దం ముందు, మనిషి ఫ్రేములో. లైసెన్సు దరఖాస్తుతో షాపు ప్లాను జత చేయడం ఎలాగూ ఉంది. అందులో మందులిచ్చే మనిషి నిలబడే చోటును కూడా గీసి చూపించమని ఔషధ నియంత్రణ శాఖ అడిగితే, తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరు ఆ చోట ఏముందో చూసి రాసుకోవచ్చు.