పేట కొట్టువాళ్ల మాట: తీపినీళ్లు మందు కాదు

అంబాజీపేట మార్కెట్లో కొబ్బరి ధర పెరిగినా పడినా, ఎండలో చెట్టెక్కే దింపు కూలీ కష్టం ఒకటే. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే పేటవాళ్లు ముందు వచ్చేది మా కొట్లకే. ఒప్పుకుంటున్నాం: ఓఆర్‌ఎస్ అని రాసిన తీపినీళ్ల డబ్బాలు మేమూ అమ్మాం. పంచదార ఎక్కువైతే విరేచనాలు ఇంకా ముదురుతాయి. హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాకే, 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడొద్దంది.

అసలు పొట్లం సర్కారు ఆసుపత్రిలో ఊరికే ఇస్తారు. దొరక్కపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో తలకొట్టిన ఆరు టీచెంచాల పంచదార, అర టీచెంచా ఉప్పు కలిపి తాగించండి. మూత్రం ఆగినా, నెత్తురు పడినా ఆసుపత్రికే పరుగెత్తండి.

కొట్లు పెట్టుకున్న అన్నల్లారా! మన అక్క డబ్బా మీద అక్షరం చూసి కొనదు, మన మొహం చూసి కొంటుంది. ఆ డబ్బాలు ఇంకా అరల్లో ఉంటే ఇవాళే తీసెయ్యండి.