జోలెలోని బిడ్డ

మన వాఙ్మయంలో శిశువుకు ఉయ్యాల ఉన్నది, తొట్టి ఉన్నది, పొత్తిళ్లు ఉన్నవి. జోలపాటలకు కొదువ లేనే లేదు. కాని బిడ్డను గుడ్డతో ఒంటికి కట్టుకొని పనికి పోయే తల్లి ఆ పాటలలో కనిపించడం బహు అరుదు. ఊపడానికి తీరిక గల ఇంటిలోని మాతృత్వమే అక్కడ వర్ణితమైనది. మన్యంలో అడ్డాకులు కోయబోయే తల్లికీ, రోడ్డు పనికి వచ్చిన తల్లికీ రెండు చేతులూ పనికి కావాలి. బిడ్డా వెంట ఉండాలి. ఆ చిక్కును విప్పినది ఒక పాతచీర.

ఒక్క కథను మాత్రం ఇక్కడ స్మరింపవలసి ఉన్నది. వేంకటాచల మాహాత్మ్యంలో శ్రీనివాసుడు ఎరుకలసాని వేషంతో ఆకాశరాజు నగరికి పోతాడు. ఆ వేషాన్ని లోకం నమ్మాలంటే బుట్ట ఒక్కటే చాలదు, బిడ్డ కూడా ఉండాలి. సాక్షాత్తు బ్రహ్మదేవుడే ఆ బిడ్డ అయినాడట! ఎరుకలసాని తన పసికందును ఇంట విడిచి ఊరు తిరగదని కథకునికి తెలుసు.

జోలె అనగానే మనకు మొదట స్ఫురించేది భిక్షాటనం. బిడ్డను చంకనెత్తుకొంటే ముద్దు, గుడ్డలో కట్టుకొంటే లేమి అనే భావం పట్టణవాసులలో పాతుకొనడానికి ఈ స్ఫురణ కూడ కొంత కారణమేమో. అదే సాధనం పట్టీలతో, బిగింపులతో అంగడికి వస్తే మాత్రం వేలు పోసి కొంటున్నాము. 1960వ దశకంలో ఆన్ మూర్ అనే అమెరికా నర్సు పశ్చిమ ఆఫ్రికాలోని టోగో దేశంలో పనిచేసింది. అక్కడి తల్లులు బిడ్డలను వీపున కట్టుకొనే తీరు చూసి, స్వదేశానికి మరలిన పిదప తన బిడ్డకై తన తల్లిచేత అటువంటి సంచి కుట్టించుకొన్నది. దానికి 1969లో పేటెంటు లభించింది. ‘స్నగ్లీ’ అనే పేరుతో అది విక్రయమైనది. తాను ఎవరి వద్ద నేర్చినదీ ఆమె దాచలేదు. మనమో, మన ఊరి తల్లి వద్ద నేర్వదగినది ఉన్నదని ఒప్పుకొనడానికే జంకుతున్నాము.

వైద్యులకు ఆ జంకు లేకపోయింది. కొలంబియా రాజధాని బొగోటాలో 1978లో, నెలలు నిండకుండా పుట్టిన శిశువులను వెచ్చగా ఉంచే యంత్రాలు చాలక, ఎడ్గర్ రే సనాబ్రియా అనే వైద్యుడు ఆ శిశువులను తల్లుల రొమ్ములకే, చర్మానికి చర్మం తగిలేలా హత్తించి ఉంచే పద్ధతిని ప్రారంభించినాడు. లేమిలో పుట్టిన ఈ ఉపాయాన్నే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో, నెలలు నిండని బిడ్డలకూ తక్కువ బరువుతో పుట్టిన బిడ్డలకూ పుట్టిన వెంటనే ఆరంభించి, రోజుకు 8 గంటలకు తగ్గకుండా ఆచరింపవలసినదిగా సిఫారసు చేసినది.

అయితే గుడ్డ కట్టడం ఒక విద్య. బిడ్డ మోకాళ్లు పిరుదులకన్న కొంచెం ఎత్తుగా, తొడలు ఎడముగా, కప్ప కూర్చున్నట్లు ఉండాలి. కాళ్లు చాచి బిగియ చుట్టితే తుంటికీలు తొలగే ప్రమాదమున్నది. చంకనెక్కిన బిడ్డ ఎవరూ చెప్పకుండానే సరిగా కూర్చుంటాడు, చూడండి! అంతకన్న ముఖ్యం ఊపిరి. గడ్డం ఎదకు అణగరాదు, ముఖం గుడ్డలో మరుగుపడరాదు. తల్లి తల వంచితే బిడ్డ ముఖం కనబడాలి. మెడ నిలువని పసికందు గుడ్డ అడుగుకు జారి ముడుచుకొంటే, ఏడవకుండానే ఊపిరి ఆగవచ్చు. ఇటువంటి జోలెలవల్ల అంతకు ముందు ఇరవై ఏళ్లలో కనీసం 14 మంది శిశువులు మరణించినారని 2010లో అమెరికా ప్రభుత్వ వినియోగదారుల భద్రతా సంఘం హెచ్చరించినది. కనుక పాతదంతా మేలని నేననను. పొయ్యి ముందు నిలిచేటప్పుడు బిడ్డను దించవలసినదే.

జోలెను మెచ్చుకొనడం యజమానులకు సాకు కారాదు. యాభైమందికి మించి స్త్రీలు పనిచేసే కట్టడాల చోట ఆరేళ్లలోపు బిడ్డలకు ఒక గది ఉండాలని 1996 నాటి భవననిర్మాణ కార్మికుల చట్టమే విధించినది. తల్లి వీపు ఆ గదికి బదులు కాదు.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. జోలపాట పాఠం చెప్పేనాడు జోలె మాట కూడ ఎత్తండి. మిమ్మల్ని చిన్నప్పుడు ఎట్లా మోసేవారో ఇంట అడిగి రమ్మని పిల్లలకు చెప్పండి. ఇసుకగుట్టల నడుమ తల్లి వీపున నిద్రపోయిన పిల్లలు మన తరగతులలో ఉన్నారు. వారు తెచ్చే మాటలలో నిఘంటువుకు ఎక్కనివీ కొన్ని ఉండవచ్చు. వాటిని నల్లబల్ల మీద వ్రాయించండి.