పరధ్యానమా, వ్యాధియా?

తరగతిలో శూన్యదృష్టితో కూర్చుండు బాలుని మనము పరధ్యానపరుడని మందలింతుము. ఆ మందలింపు ఒక్కొక్కప్పుడు అన్యాయమగునని నా యభిప్రాయము.

మాచర్లలో నా తరగతియందు ఒక బాలుడుండెను. నేను చెప్పి వ్రాయించుచుండగా అతని కలము నడుమ నాగిపోయెడిది. పిలిచినను పలుకక, పెదవులు చప్పరించుచు నిమిషమాత్రముండి, పిదప “ఏమి చెప్పితిరి, మాస్టరుగారూ?” అని యడిగెడివాడు. కొంటెతనమని తలచి రెండుమారులు బల్లపై నిలువబెట్టితిని. ఇంటివారు గాలి సోకెనని తాయెత్తు కట్టిరి. అందరమును పొరబడితిమి. అది మూర్ఛలో నొక విధము. క్రిందపడి కొట్టుకొనుటయే మూర్ఛ కాదు.

మెదడులోని విద్యుత్తు హద్దుమీరి పొంగుటయే ఈ వ్యాధికి మూలము. 1924లో జర్మనీదేశపు యేనా పట్టణమున హాన్స్ బెర్గర్ అను వైద్యుడు మానవుని మెదడు తరంగములను మొదటిసారి నమోదు చేసెను. నేడు ఆసుపత్రులలో సాధారణముగా అరగంటసేపు ఈ పరీక్ష చేయుదురు. ఆ అరగంటలో పొంగు రానిచో దోషము కనబడకపోవచ్చును. మూర్ఛగలవారిలో దాదాపు సగముమందికి మొదటి పరీక్షలో నేమియు తేలదు. మా బాలునికిని అట్లే యయ్యెను. “వీడు నటించుచున్నాడు” అని తండ్రి కోపించెను.

ఇట్టియెడ నుపకరించునది ఆంబులేటరీ ఈ.ఈ.జీ. అను పరీక్ష. తలపై తీగెలుగల చిన్న బిళ్లలంటించి, నడుమునకు కట్టిన చిన్న యంత్రమునకు కలుపుదురు. బిడ్డ యింటనే తినుచు, ఆడుచు, నిద్రించుచుండగా 24 మొదలు 72 గంటలవరకు తరంగములు నమోదగును. లక్షణము కనబడినప్పుడు తల్లి మీట నొక్కి వేళ వ్రాసికొనవలెను. తలస్నానము కూడదు. మాచర్లకు గుంటూరు నూరు కిలోమీటర్లకు పైబడిన దూరము గనుక, ఆ బాలుడు గుంటూరున బంధువుల యింట రెండు రాత్రులుండెను. రెండవ రాత్రి నిద్రలో పొంగు పట్టుబడెను. మందు ఆరంభించిన కొన్ని నెలలకు అతని పుస్తకములో ఖాళీలు మానినవి.

ఈ పరీక్ష అందరికి నవసరము కాదు, వ్యయమును కలదు. యంత్రమొక్కటియే రోగనిర్ణయము చేయజాలదు. చూచినవారు చెప్పు మాటయే వైద్యునకు ప్రధానాధారము. కావున ఉపాధ్యాయులు దండింపక, ఎప్పుడు, ఎంతసేపు, ఎట్లు జరిగెనో వ్రాసియుంచవలెను. అది మూర్ఛ కాదని తేలినను మేలే; బిడ్డకు అక్కరలేని మందు తప్పును.

మూర్ఛ వచ్చినవాని చేతిలో తాళపుచెవులుంచుట వలన ప్రయోజనము లేదు. ప్రక్కకు ఒత్తిగిల్లజేయవలెను, నోటిలో నేమియు పెట్టరాదు. 5 నిమిషములు మించిన వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను.

పెండ్లి కాదను భయముచే ఆడుబిడ్డల వ్యాధిని దాచు తల్లులు కలరు. 1999లోనే పార్లమెంటు హిందూ వివాహచట్టమునుండి మూర్ఛయను అభ్యంతరమును తొలగించినది. తగిన చికిత్స లభించినచో నూటికి 70 మంది వరకు మూర్ఛలు లేక జీవింపగలరని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది.

సువార్తలో ఒక తండ్రి ఇట్టి కుమారుని జనసమూహము నడుమనే ప్రభువునొద్దకు తెచ్చెను, దాచలేదు. తల్లిదండ్రులారా, మనమును దాచకుందము.