తాళం చెవి ఒక్కటే ఇస్తే దానం కాదు



పోయిన కార్యవర్గ సమావేశంలో ఒక విషయం తేలకుండా ఆగిపోయింది. మన సభ్యుల్లో ఒక పెద్దాయన తన పాత బొలేరోను సంఘం తరఫున ఏదైనా సేవా సంస్థకు ఇచ్చేయమన్నారు. 2010 మోడల్, ఫోర్ వీల్ డ్రైవ్ బండి. కొందరు వెంటనే తీసుకుందాం అన్నారు. కొందరు ఈ తలనొప్పి మనకెందుకు అన్నారు. నా మాట ఈ రెండూ కాదు. అక్కడ చెప్పడానికి టైము చాలలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఆయన మనసు మంచిది, అందులో అనుమానం లేదు. అలాంటి బండికి పని కూడా ఉంది. జవ్వాదు కొండల్లో, కొల్లి కొండల్లో, మన డెంకణికోట, అంచెట్టి వైపు అడవి పల్లెల్లో వాన పడితే మామూలు కారు ఎక్కలేని దారులు ఇంకా ఉన్నాయి. అక్కడ వైద్య శిబిరాలు పెట్టేవాళ్లకు, బడి పిల్లలకు సామాన్లు చేర్చేవాళ్లకు నాలుగు చక్రాలూ లాగే బండి దొరికితే పెద్ద సాయమే. కాబట్టి "పాత బండి కదా, ఎందుకు" అనేవాళ్లతో నేను ఒప్పుకోను.

కానీ "ఉచితంగా వస్తోంది కదా, తీసుకుందాం" అనేవాళ్లతోనూ ఒప్పుకోను. నేను బడిలో చదివింది తమిళం. దానంగా ఇచ్చిన మాటికి పళ్లు పట్టి చూడకూడదని అక్కడ ఒక సామెత నేర్పారు. తీసుకునేవాడికి అది మర్యాదే. ఇచ్చేవాడు మాత్రం తానే ముందు పళ్లు చూసి ఇవ్వాలి. నచికేతుడి కథ మన ఇళ్లలో అందరికీ తెలుసు. తండ్రి యజ్ఞం చేసి పాలు ఎండిపోయిన ముసలి ఆవుల్ని దానం ఇస్తుంటే, చిన్న పిల్లవాడు చూసి బాధపడ్డాడు. పాలివ్వని ఆవుని ఇస్తే తీసుకున్నవాడికి మిగిలేది మేత ఖర్చే. పాత బండి కూడా అంతే.

ఆ మేత ఖర్చు ఎంతో చూద్దాం. క్లర్కు ఉద్యోగం చేసినవాణ్ణి, లెక్క వేయకపోతే నాకు నిద్ర పట్టదు. నెలకు 1,000 కిలోమీటర్లు తిరుగుతుంది అనుకుందాం. కొండ దారిలో లీటరుకు 10 కిలోమీటర్లు ఇస్తే 100 లీటర్ల డీజిల్ కావాలి. లీటరు 90 రూపాయలని వేసుకున్నా నెలకు 9,000, ఏడాదికి 1,08,000. దీని మీద డ్రైవరు జీతం, ఇన్సూరెన్సు, టైర్లు, బ్యాటరీ. పాత బండి కాబట్టి మెకానిక్కు వేరే. ఒక చిన్న ట్రస్టుకు ఇంత డబ్బు ఎక్కడినుంచి వస్తుంది? మందులకు పెట్టిన డబ్బులోంచి తీయాలి, లేదా బండిని చెట్టు కింద నిలబెట్టాలి.

కాగితాల సంగతి ఇంకా ముఖ్యం. సొంత బండికి మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకే. తర్వాత బండి చూపించి ఐదేసి ఏళ్లకు పొడిగించుకోవాలి. కారుకు ఈ ఫీజు 2022 ఏప్రిల్‌లో 600 రూపాయల నుంచి 5,000కు పెరిగింది. తమిళనాడులో గ్రీన్ ట్యాక్స్ కూడా కట్టాలి. ఇవన్నీ ఎవరు కట్టాలి? ఇచ్చేవాళ్లే కట్టి ఇవ్వాలని నా అభిప్రాయం.

పేరు మార్పు ఇంకొకటి. డబ్బు తీసుకోలేదు కాబట్టి ఆర్‌టీవో ఆఫీసుకు పోనక్కర్లేదు అనుకునేవాళ్లు ఉన్నారు. అమ్మినా, ఊరికే ఇచ్చినా ఫారం 29, ఫారం 30 నింపాల్సిందే. ఇన్సూరెన్సు పేరు మార్చడానికి 14 రోజుల్లో కంపెనీకి రాయాలి. బండి చేతులు మారినా, రిజిస్టరులో ఎవరి పేరుంటే యాక్సిడెంటు నష్టపరిహారానికి ఆయనే యజమాని అని 2018లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అంటే పుణ్యానికి ఇచ్చిన బండి ఎక్కడో ఎవరినో గుద్దితే నోటీసు మన పెద్దాయన ఇంటికి వస్తుంది. ఆయన మంచితనానికి మనం చేసే మేలు అదేనా? బెంగళూరు సభ్యుల దగ్గర ఉన్నవి కర్ణాటక నంబరు బండ్లు. అలాంటి బండిని తమిళనాడు ట్రస్టుకు ఇస్తే ఎన్‌ఓసీ, ఇక్కడి ట్యాక్సు అదనం.

ఇన్‌కమ్ ట్యాక్సు తగ్గుతుందని కూడా ఒకరు అన్నారు. తగ్గదు. 80జీ కింద మినహాయింపు డబ్బుగా ఇచ్చిన విరాళానికే, అదీ పాత పద్ధతిలో ట్యాక్సు కట్టేవాళ్లకే. బండిగా ఇస్తే లేదు. బండి అమ్మి ఆ డబ్బు 80జీ ఉన్న ట్రస్టుకు చెక్కుగా ఇస్తే వస్తుంది.

నేను గూడ్సు ఆఫీసులో ఉన్నప్పుడు ఎన్‌ఎంజీ వ్యాగన్లు చాలా చూశాను. అవి ఒకప్పుడు జనం ఎక్కిన ఐసీఎఫ్ పెట్టెలే. ప్రయాణికుల పనినుంచి తీసేసిన తర్వాత వర్క్‌షాపుకు పంపి, సీట్లు పీకేసి, కిటికీలు మూసేసి, చివర తలుపులు పెట్టి, కొత్త కార్లు మోసే వ్యాగన్లుగా మారుస్తారు. పాతదానికి రెండో బతుకు ఇవ్వొచ్చు అనడానికి నాకు అంతకన్నా మంచి ఉదాహరణ తెలియదు. కానీ రైల్వే ఆ పెట్టెను ఉన్నది ఉన్నట్టు యార్డులో వదిలేసి "ఎవరైనా వాడుకోండి" అనలేదు. ముందు వర్క్‌షాపు, తర్వాతే పని.

అందుకని రాబోయే సమావేశానికి నా ప్రతిపాదన ఇది. ఎవరు బండి ఇస్తామన్నా నాలుగు విషయాలు చూద్దాం.

ఒకటి, మెకానిక్కు చూసి బ్రేకు, స్టీరింగు, ఛాసిస్ తుప్పు సంగతి రాసి ఇవ్వాలి. ఫోర్ వీల్ లివరు వేస్తే ముందు చక్రాలు నిజంగా లాగుతున్నాయో లేదో కూడా చూడాలి. లాగకపోతే అది కొండ బండి కాదు, ఊరి బండే.

రెండు, రిజిస్ట్రేషన్, ట్యాక్సు, ఇన్సూరెన్సు సరిచేశాకే తాళం చేతులు మారాలి. పేరు మారిన ఆర్‌సీ కాపీ సంఘం ఫైలులో ఉండాలి.

మూడు, "మాకు కావాలి, డ్రైవరు ఉన్నాడు" అని తీసుకునే సంస్థ రాతపూర్వకంగా అడగాలి. మనమే పోయి అంటగట్టకూడదు.

నాలుగు, మొదటి ఏడాది డీజిల్‌లో సగమైనా ఇచ్చే సభ్యుడు, సంఘం కలిసి పెట్టుకోవాలి. పైన చెప్పిన లెక్క ప్రకారం 54,000. మన సంఘానికి ఇది మోయలేని బరువు కాదు.

ఈ నాలుగూ కుదరకపోతే బాధపడే పని లేదు. నడిచే బండి అయితే అమ్మేద్దాం. నడవనిది అయితే ప్రభుత్వం అనుమతి ఉన్న స్క్రాపింగ్ కేంద్రానికి ఇచ్చి డిపాజిట్ సర్టిఫికెట్ తీసుకుందాం. వచ్చిన డబ్బు ఆ పల్లెలకే పంపిద్దాం. రోగిని కొండ దిగువకు తెచ్చే అద్దె జీపుకు ఆ డబ్బు చాలా ట్రిప్పులు వస్తుంది. ఆ జీపు ఎక్కిన తల్లికి బండి ఎవరి పేరున ఉందో అక్కర్లేదు, ఆసుపత్రి చేరితే చాలు.

పెద్దాయన ఈ పోస్టు చదువుతారని నాకు తెలుసు. అయ్యా, మీ బండి వద్దని నేను అనడం లేదు. అది కొండెక్కి దిగాలి, చెట్టు కింద తుప్పు పట్టకూడదు అంటున్నాను. మెకానిక్కు దగ్గరికి నేనూ మీతో వస్తాను. రోజు మీరే చెప్పండి.