ఆప్తుడెవరో తెలియని వాక్యము

న్యాయదర్శనమున శబ్దమును ప్రమాణముగా అంగీకరించిన గౌతమ మహర్షి దానికొక నియమము విధించినాడు: అది ఆప్తోపదేశము కావలెను. విషయమును యథార్థముగా ఎరిగి, ఎరిగినదానిని ఎరిగినట్లే చెప్పగోరువాడు ఆప్తుడని భాష్యకారుడైన వాత్స్యాయనుని నిర్ణయము. అట్టివాడు ఋషియే కానక్కరలేదు. ఆర్యునికిని మ్లేచ్ఛునికిని ఈ లక్షణము సమానమేనని కూడ ఆయన స్పష్టపరచినాడు.

నేడు పల్నాటి బాలుని చేతిలోని తెరమీదికి వచ్చు వాక్యమునకు ఆప్తుడెవరు?

2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో ఆరంభించి, రాష్ట్ర ప్రభుత్వము 8వ తరగతి విద్యార్థులకు నాలుగున్నర లక్షలకు పైగా ట్యాబులు పంచినది. అనుచిత విషయములు తెరచుకొనకుండ వాటిలో నిరోధక ఏర్పాట్లును చేసినది. మంచిదే. కాని తాళము వేయుట వేరు, వివేకము నేర్పుట వేరు. ఇంటిలోని తండ్రి ఫోనునకు ఆ తాళముండదు.

పల్నాటి యుద్ధమునకు ముందు గురజాలకు సంధి రాయబారిగా వెళ్లిన అలరాజు కథ ఇక్కడి పిల్లలకు క్రొత్త కాదు. ఆనాడు మాట మోసినవానికి పేరున్నది, ముఖమున్నది. అందులకు ప్రాణమునే చెల్లించినాడు. నేటి వాట్సాప్ సందేశమునకు మోయువారు వేయిమంది, పలికినవాడు ఒక్కడును కనబడడు. 2024 మే 13 పోలింగునాటి ఘర్షణల పిమ్మట పల్నాడు జిల్లాలో 144వ సెక్షన్ విధింపబడినది. అట్టి దినములలో ఏ ఊరిదో, ఏ ఏటిదో తెలియని దృశ్యమొకటి నరసరావుపేట నుండి మాచర్లకు చేరుటకు క్షణము చాలును. అది ఒక ఇంటిమీదికి గుంపును నడిపింపగలదు.

కావున డిజిటల్ పౌరత్వమను పాఠము కంప్యూటరు గదిలో కాక తెలుగు తరగతిలో ఆరంభము కావలెను. వారమునకొక సందేశమును నల్లబల్లపై వ్రాసి, ఎవరు చెప్పినారు, ఆయనకెట్లు తెలిసినది, ఎప్పటిది, పంపుటవలన ఎవరికి హితము అని పిల్లలచేతనే అడిగింపవలెను. గీత 17వ అధ్యాయమున చెప్పిన వాఙ్మయ తపస్సులో ఉద్వేగము కలిగింపకుండుట మొదటిది, సత్యము దాని తరువాతిది. నిజమైన దృశ్యమును సైతము పంపరాని వేళ కలదని దీనివలన గ్రహింపవచ్చును. పిల్లలకు కష్టముగా తోచునది ఈ రెండవ మెట్టే. ఉపాధ్యాయుడు ఎక్కువ కాలము నిలువవలసినదియు ఇక్కడనే.

ఇక పెద్దల మాట. పదునొకండుగురికి పంపినచో శుభమనియు, ఆపినచో అరిష్టమనియు దేవుని పటముతో తిరుగు సందేశములను తెల్లవారకముందే పంపువారు పిల్లలు కారు. కోటప్పకొండ ఎక్కి త్రికోటేశ్వరుని సేవించి వచ్చిన భక్తులే. ఇది ఏ శాస్త్రమున ఉన్నదని బడినుండి వచ్చిన మనుమడు అడిగిననాడు, తాతకు కోపము రాకూడదు.