మర్యాద సాక్ష్యం కాదు

క్రైస్తవుడు నోరు తెరిచి బోధించనక్కర్లేదు, మంచిగా బతికితే చాలు, చూసేవాళ్ళు చూసి నేర్చుకుంటారు. మన సంఘాల్లో ఈ మాటకిప్పుడు ఎదురు లేదు. సందు చివర మైకు పెట్టి అరిచే పద్ధతితో విసిగిపోయిన చదువుకున్న విశ్వాసులకు ఇది మరీ హాయిగా ఉంటుంది. వాట్సాప్‌లో దీన్ని అస్సీసీ ఫ్రాన్సిస్ పేరు మీద పంపుకుంటారు కూడా. ఆయన రచనల్లో ఆ వాక్యం ఎక్కడా లేదు. పైగా ఆయన ఊరూరా తిరిగి గొంతెత్తి బోధించినవాడు. సరే, ఎవరు అన్నారన్నది అటుంచుదాం. ఆ మాటలో ఎంత నిజముంది?

నడవడి వల్ల విశ్వాసం వ్యాపిస్తుందన్నది నిజమే. దానితో నాకు పేచీ లేదు. మంచి బతుకంటే మనం ఏమనుకుంటున్నామో దానితోనే పేచీ. మందు ముట్టడు, సిగరెట్టు కాల్చడు, బూతు మాట్లాడడు, దశమభాగం ఎగ్గొట్టడు, ఆఫీసులో అందరితో నవ్వుతూ ఉంటాడు. ఇదే కదా మన సాక్ష్యం చిట్టా? అన్నీ మంచివే. కాని పక్కింటి రిటైర్డు మాస్టారు కూడా మందు ముట్టరు. ఆయన రోజూ విష్ణుసహస్రనామం చదువుకుంటారు. వీధి చివర దర్జీ సాయిబు పండగ ముందు రోజు కూడా మాట తప్పడు. ఇక మన మర్యాద చూసి ఎవరికి ఏం సందేహం కలుగుతుంది? మీ నిరీక్షణకు కారణం అడిగినవాళ్ళకు జవాబు సిద్ధంగా ఉంచుకోమన్నాడు పేతురు. మనల్ని ఎవరూ ఏమీ అడగడం లేదు. మన బతుకులో అడగాల్సిందేమీ వాళ్ళకు కనబడడం లేదు.

అడిగిన కాలం ఒకటుంది. తోళ్ళ వ్యాపారం చేసుకుంటూ ఊళ్ళు తిరిగిన మాదిగ ఎర్రగుంట్ల పేరయ్య 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. ఒంగోలు సీమలో క్రైస్తవం దొరల బంగళా నుంచి కాక పేరయ్య లాంటివాళ్ళ చుట్టరికాల దారినే మాదిగ పల్లెలకు పాకింది. కొత్తగా చేరినవాళ్ళు పెట్టుకున్న కట్టుబాట్లు మూడే. ఆదివారం పనికి పోరు, చచ్చిన గొడ్డు మాంసం తినరు, విగ్రహాలకు మొక్కరు. వినడానికి చిన్నవే. కాని ఊరు నడిచేదే వాటి మీద. కోతల రోజుల్లో వారానికొకరోజు మాదిగ చేనికి రానంటే రైతు ఊరుకుంటాడా? జాతరకు డప్పు కొట్టనంటే కరణం, మునసబు ఊరుకుంటారా? పనులు ఆపారు, నీళ్ళు ఆపారు, అబద్ధపు కేసులు బనాయించారు. అలా నిలదీసిన ఊరికి మాదిగ జవాబు చెప్పుకోక తప్పలేదు. నడవడి ముందు నడిచింది, మాట దాని వెనక వచ్చింది. మాట మాత్రం రాకుండా పోలేదు.

   

ఆ రోజుల్లో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దగ్గరికి పై కులాలవాళ్ళు కొందరు వచ్చి, ఈ మాదిగల్ని చేర్చుకోవడం ఆపితే మేం వస్తామన్నారు. ఊళ్ళో పరువు, డబ్బు, సంఖ్య అన్నీ అటువైపే ఉన్నాయి. క్లౌ దంపతులు మాదిగల వైపే నిలబడ్డారు. తర్వాత 1876-78 కరువు వచ్చింది. సర్వేయరుగా పనిచేసిన అనుభవం ఉన్న క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. ఆ కాలమంతా బాప్తిస్మాలు ఆపేశాడు, గంజి కోసం మతంలోకి వచ్చారన్న మాట పడకూడదని. కరువు సహాయం ముగిశాక, 1878 జులై 3న గుండ్లకమ్మలో వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ అంకెను మనం ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటాం. దాని ముందు ఆగిన నెలల మాట ఎత్తం.

దోర్నకల్ కథ కూడా ఇలాంటిదే. 1910 ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో భారతీయ పాదిరి వి.ఎస్. అజరయ్య మిషనరీల ముఖం మీదే అన్నాడు, మీరు చేసిన త్యాగాలన్నీ మాకు తెలుసు, ఇక మాతో స్నేహంగా ఉండండి అని. బల్ల దగ్గర పక్కన కూర్చోబెట్టుకోని ప్రేమ ఆయనకు ప్రేమగా తోచలేదు. తర్వాత ఆయన బిషప్ అయిన దోర్నకల్ ప్రాంతంలో శూద్ర రైతులు సంఘంలోకి వచ్చారు. ఎందుకు వచ్చారని ఆరా తీసిన మిషనరీ పికెట్‌కు దొరికిన ముఖ్య కారణం తమ పొలాల్లో పనిచేసే మాల మాదిగల బతుకుల్లో వచ్చిన మార్పు. ఆ మార్పులో కల్లు మానడం కూడా ఉంది, కాదనను. కాని 1930ల్లో కూలివాడు కల్లు మాని పిల్లల్ని బడికి పంపడం వేరు, ఇవాళ సాఫ్ట్‌వేరు ఉద్యోగి పార్టీలో కూల్‌డ్రింక్ పట్టుకోవడం వేరు.

బోధ అక్కర్లేదన్న మాటే మిషనరీలతో గాంధీ కూడా అన్నారు, గులాబీ వాసన పంచినట్టు ఊరికే బతకండి, బోధించకండి అని. అజరయ్య ఒప్పుకోలేదు. నాకూ అజరయ్యదే సబబుగా తోస్తుంది. ఊరి కట్టు తెంచుకున్న మనిషిని ఊరు నిలదీసి తీరుతుంది. పువ్వును నిలదీసేవాడు ఎవడు?

ఇక మన సంగతి. పెళ్ళి ప్రకటనలు చూడండి. ఆర్‌సీఎం కమ్మ, క్రిస్టియన్ రెడ్డి, సీఎస్ఐ మాల, లూథరన్ మాదిగ. 1947లో దక్షిణ ఇండియా సంఘంగా ఎన్నో మిషన్లు కలిసిపోయాయి, పెళ్ళిపందిళ్ళు మాత్రం కలవలేదు. జెస్యూట్లు తెలుగు నేల మీదికి పద్దెనిమిదో శతాబ్దం మొదలయ్యేనాటికే వచ్చారు. ఒక దళితుడు కార్డినల్ కావడానికి 2022 దాకా ఆగాల్సి వచ్చింది. కట్నం 1961 నుంచి చట్టప్రకారం నేరం. అయినా ప్రధానానికి ముందు సంఘ పెద్దల సమక్షంలోనే లాంఛనాల బేరం జరుగుతుంది, ఆ బేరం ప్రార్థనతోనే మొదలవుతుంది. దళిత విశ్వాసి రికార్డుల్లో హిందువుగా ఉంటే సాక్ష్యం చెడిందని గొణిగే పై కులాల విశ్వాసుల్ని చూశాను. క్రైస్తవుడన్న కారణంతో 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదా తీసేసింది దళితుడికే, వీళ్ళకు పోయిందేమీ లేదు.

సిగరెట్టు మానితే మనకు పోయేదేమీ లేదు, పైగా డబ్బు మిగులుతుంది. కులం మానితే చుట్టాలు పోతారు. కట్నం మానితే ప్లాటు పోతుంది. అందుకే మొదటిదాన్ని సాక్ష్యం అన్నాం, తక్కిన రెంటినీ వ్యవహారం అన్నాం.

నడవడే బోధ అని నమ్మే పెద్దలకు ఒక మనవి. ఈ ఏడాది మీ ఇంట్లో పెళ్ళి ఉంటే సంబంధాలు చూసేవాడికి కులం చెప్పకండి, లాంఛనాల చిట్టా పంపకండి. బంధువులు ఇంటికొచ్చి ఎందుకిలా చేస్తున్నారని నిలదీస్తారు. అప్పుడు మాత్రం దయచేసి మౌనంగా ఉండకండి, కారణం నోరు తెరిచి చెప్పండి.